పరదా వెనక ప్లేటు ఇడ్లీ

జులై 6, 1981. సోమవారం. మానుకోట

ఇవ్వాళ కూడా సత్తెన్న హోటలే. ఇంకేం చేయను? మా ఇంటి అవ్వ పూజ అయ్యేదాకా ఆ ఇంట్లో నా కిరసనాయిలు స్టవ్వు వెలగకూడదు. గది అద్దెకు ఇచ్చిన రోజే చెప్పేసింది. "గ్యాసునూనె వాసన దేవునికి పడదు బిడ్డా." దేవుడికి పడదో, ఆమెకు పడదో... ఆ పూజ ముగిసేసరికి నేను టెలిఫోన్ ఎక్స్చేంజిలో బోర్డు ముందు కూర్చుని "నంబర్ ప్లీజ్" అంటూ ఉంటాను. మొదట్లో ఖాళీ కడుపుతో వెళ్లి చూశాను. ధాన్యం సావుకారికి కలపాల్సిన ఫోను దవాఖానకు కలిపి తిట్లు తిన్నాను. తిట్లతో కడుపు నిండదు కదా.

అందుకని హోటలు. వెనక సందులోంచి, కొంగు నెత్తి మీదికి లాక్కుని. లోపల అడుగు పెట్టగానే బల్లల దగ్గర మాటలు ఆగిపోతాయి. ఒకడు గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని అలాగే చూస్తాడు. మూలకు ఆకుపచ్చ పరదా, దాని వెనక ఒక బెంచి, ఒక బల్ల. రైలు దిగి దవాఖానకు పోయే ఆడవాళ్లు మొగుళ్లతో వచ్చి కూర్చునే చోటు అది. ఒక్కతే, రోజూ వచ్చేది మాత్రం నేనే. ఆ పరదా కూడా పొట్టిది, గుడ్డ సరిపోలేదట. కూర్చుంటే కాళ్లు బయటికి కనిపిస్తాయి.

జులై 7

ఇడ్లీ మెత్తగా ఉంది. చట్నీలో కారం ఎక్కువ. ఎవరో "ఫోనామె వచ్చింది" అన్నారు. తలెత్తి చూడలేదు.

జులై 9, గురువారం

అన్న వచ్చాడు, ఘనపురం నుంచి. నాట్ల కాలంలో పొలం వదిలి వచ్చాడంటే ఏదో ఉందనుకున్నాను. ఉంది. సంబంధం. మొగుళ్లపల్లి వాళ్లు. అబ్బాయి పేరు రవీందర్, మహదేవపూర్‌లో వ్యవసాయం ఆఫీసులో ఉద్యోగం.

"నౌకరి చేస్తనంటే చేయనియ్యుండ్రి అన్నడట పిలగాడు. గసొంటోడు ఎక్కడ దొరుకుతడే?"

నిజమే, దొరకడు. ఇంతకు ముందు వచ్చిన సంబంధాలన్నీ ఆ ఒక్క మాట దగ్గరే తెగిపోయాయి. ఉద్యోగం మానెయ్యమన్నారు, మాననన్నాను. ఆఖరిది తెగినప్పుడు బాపు నాతో చాలా రోజులు మాట్లాడలేదు. పండక్కి వెళ్తే అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. ఈ అబ్బాయి మాట విన్నాక బాపు మొహం తేటపడిందట, అన్న చెప్పాడు. నాకూ లోపల ఎక్కడో ఆశ. కాదని ఈ పేజీకి ఎందుకు అబద్ధం చెప్పాలి?

పోతూ పోతూ అన్న ఒక మాట అన్నాడు. "ఆషాఢం గదా, ఇప్పుడు చూపులుండయి. గని అర్సుకుంటరు. ఎవరొస్తరో, ఎన్నడొస్తరో చెప్పరు. జర పైలం."

జులై 10

నిద్ర సరిగా లేదు.

ఎక్కడ అర్సుకుంటారో నాకు తెలియదా? మా అక్కకు సంబంధం చూసినప్పుడు బాపు ఏం చేశాడు? పొద్దున్నే బస్సు దిగి ఆ ఊరి హోటల్లో కూర్చున్నాడు. చాయ్ తాగుతూ పక్కవాణ్ని "ఫలానోళ్లు ఎట్లాంటోళ్లు?" అని అడిగాడు. అందరూ చేసేదదే. పిల్ల ఎలాంటిదో, పిలగాడు ఎలాంటివాడో హోటల్ బల్ల దగ్గరే తేలుస్తారు. ఇక్కడ బస్సు దిగితే ఎదురుగా ఉన్న హోటల్ ఏది? సత్తెన్నది.

అంటే నా గుణం కనుక్కోవడానికి వాళ్లు వచ్చేది, నేను కూర్చుని తినే చోటికే.

జులై 11

వెళ్లలేదు. అటుకులు నానబెట్టుకుని తిన్నాను. అవ్వ "ఏంది బిడ్డా, మొఖం గట్ల పీక్కపోయింది?" అంది. నీ పూజ వల్లే అని నోటిదాకా వచ్చింది. మింగాను.

జులై 13, సోమవారం

ఆకలికి ఆగలేక వెళ్లాను. లోపల కొత్త మొహాలు రెండు. ఒకాయన నన్నే చూస్తున్నట్టు అనిపించింది. తరవాత తెలిసింది, ఆయన సబ్బులు అమ్మేవాడు. సబ్బులాయన్ని చూసి నేను సగం ఇడ్లీ వదిలేసి వచ్చాను! నా పిరికితనం మీద నాకే ఒళ్లు మండింది.

జులై 14, మంగళవారం

పొద్దుటి భయం ఇంకా పోలేదు. రాసేస్తే తగ్గుతుందేమో.

పొద్దున పరదా వెనక కూర్చున్నాను. వానకు బల్లల దగ్గర ఇంకెవరూ లేరు. ప్లేటు సగం అయింది. పల్లె బస్సు వచ్చి ఆగిన చప్పుడు. ఎవరో పెద్దమనిషి లోపలికి వచ్చాడు, గొడుగు బల్లకు ఆనించిన చప్పుడు వినిపించింది. "ఇడ్లీ పెట్టవయ్యా, వేడివేడిగ. మాది మొగుళ్లపల్లి. బిడ్డనిచ్చిన ఊళ్లె రాత్రి నిద్ర జేసి వస్తున్న."

నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది. కాళ్లు! రెండు కాళ్లూ ఎత్తి బెంచి మీద పెట్టుకున్నాను.

తిన్నంతసేపూ వానల గురించి మాట్లాడాడు. లేచి పోతాడనుకున్నాను. చాయ్ తెమ్మన్నాడు. అప్పుడు మొదలుపెట్టాడు.

"ఈడ ఫోనాఫీసుల ఘనపురం పిల్ల ఒకామె ఉన్నదట గదా. మా తమ్ముని కొడుక్కు అనుకుంటున్నం. ఎట్లాంటిది?"

సత్తెన్నకు తెలుసు, నేను ఇక్కడే ఉన్నానని. "ఆమెనా? మంచి పిల్ల," అన్నాడు.

"మంచిదని అందరంటరు. ఒక్కతే ఉంటదట, తిండికెట్ల? హోటళ్ల పొంటి తిరుగుతదా?"

"రాం రాం! గదేం మాట? మా హోటల్ల ఇంతవరకు అడుగు పెట్టలే."

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే ప్రాణం లేచివచ్చింది. సత్తెన్నకు మనసులోనే దండం పెట్టుకున్నాను. అంతలో చట్నీ కారం గొంతుకు పట్టుకుంది. దగ్గు. కొంగు కుక్కుకున్నా ఆగలేదు.

"పరదెనుక ఎవరు?"

"మా ఇంటామె," అన్నాడు సత్తెన్న. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అతని భార్య రాజక్క వెనక వంటింట్లో పొయ్యి దగ్గర ఉంది. ఆమెకు ఇదేమీ తెలియదు.

అక్కడితో ఐపోతే ఎంత బాగుండు! ఆ పెద్దమనిషి బెంచి ఇటువైపు జరుపుకున్నాడు. "మంచిగైంది. ఆడోళ్ల సంగతి ఆడోళ్లకే ఎరుక. ఏమమ్మా, నువ్వు చెప్పు. ఆ పిల్ల గుణమెట్లాంటిది?"

నన్ను! నా గుణం గురించి నన్నే!

మాట్లాడకపోతే అనుమానం వస్తుంది. మాట్లాడితే... ఊళ్లో ఫోనున్న ప్రతివాడికీ తెలిసిన గొంతు ఇది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రాజక్కలాగా బొంగురు చేసి అన్నాను. "మంచి పిల్లనే అయ్యా. జర కోపమెక్కువ."

కోపమెక్కువ అని ఎందుకన్నానో! అన్నీ మంచే చెబితే నమ్మడనిపించింది. బయట సత్తెన్న చేతిలో గ్లాసులు గణగణమన్నాయి.

"కోపముంటే ఉండనియ్యి. కోపం లేనోళ్లెవరున్నరు? హోటల్ సంగతి చెప్పు, నాకు గా ముచ్చట కావాలె."

"మంచోళ్ల పిల్ల హోటల్ మొఖం చూస్తదా అయ్యా?"

నేనే అన్నాను. చేతిలో ఇడ్లీ ముక్క పట్టుకుని, నా నోటితో నేనే అన్నాను. ఆయన "శబ్బాష్" అని లేచాడు. గొడుగు తీసుకుని వెళ్లిపోయాక కూడా చాలాసేపు కాళ్లు కిందికి దించలేదు. ఎక్స్చేంజికి ఆలస్యంగా వెళ్లాను.

జులై 15

సత్తెన్న సందు మొదట్లో కనబడ్డాడు. మురిసిపోతున్నాడు. "ఎట్ల జెప్పిన టెలిఫోనమ్మా? నువ్వు సుత తక్కువ దానివి గాదు పో! ఇద్దరం కలిసి నాటకాలాడితే మస్తు పైసలొస్తయి." నాకు నవ్వు రాలేదు. "ఇగ జర కొన్నొద్దులు రాకు. ఆయన బిడ్డింటికి వచ్చినప్పుడల్ల ఈడనే దిగుతనన్నడు. ఇడ్లీ మస్తు నచ్చిందట."

నచ్చక చస్తుందా. రాజక్క చేతి ఇడ్లీ కదా.

జులై 18

మళ్లీ అటుకులు. మధ్యాహ్నానికి తల తిరుగుతోంది.

జులై 20

బోర్డు మీద దీపాలు రెండుగా కనిపించాయి. పక్క సీటు సరోజ తన డబ్బాలోంచి రొట్టె ముక్క పెట్టింది. "ఎందుకు తినొస్తలేవు?" అని అడిగింది. ఏం చెప్పను? తినను అన్న మాట నిలబెట్టుకోవడానికి తినడం మానేశాను అని చెప్పాలా?

జులై 23, గురువారం

అన్న మళ్లీ వచ్చాడు, మొహం చేటంత చేసుకుని. వాళ్లకు నచ్చిందట. ఆ గొడుగు పెద్దమనిషి రవీందర్ పెదనాన్న. ఇంట్లో ఆయన మాటే మాట. ఊరంతా చెప్పుకుంటున్నాడట, "హోటల్ ఆమెనే చెప్పింది, హోటల్ మొఖం సూడని పిల్ల అని. అంతకంటె ఏం గావాలె?" బాపు ఆ మాట విని ముగ్గురికి చెప్పాడట.

అన్నకు నిజం చెబుదామని నోరు తెరిచాను. వాడు ఎంత సంతోషంగా ఉన్నాడంటే... చాయ్ చేసి ఇచ్చాను. చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఆగస్టు 1

శ్రావణం వచ్చింది. తొమ్మిదో తేదీ ఆదివారం చూపులు.

ఆగస్టు 9, ఆదివారం. ఘనపురం

అయిపోయింది. అందరూ వెళ్లిపోయారు. అమ్మ మిగిలిన గారెలు సర్దుతోంది.

పెద్దమనిషి ఎదురుగానే కూర్చున్నాడు. నా పేరు అడిగాడు, చదువు అడిగాడు. ఎంత మెల్లగా చెప్పగలనో అంత మెల్లగా చెప్పాను. అయినా ఆయన తల పక్కకు వంచి, "ఈ గొంతు ఎక్కడ్నో విన్నట్టున్నదే," అన్నాడు. అన్న అందుకున్నాడు. "ఫోనుల విని ఉంటరు!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినట్టు పెదవులు చాపాను, అంతే.

తరవాత అరుగు మీద రవీందర్, నేను. నల్లగా, సన్నగా ఉన్నాడు. జేబుకు ఇంకు మరక. మాట్లాడేటప్పుడు నేలవైపు చూస్తాడు. నాకు నచ్చాడు. ఇంకేమీ కలపకుండా రాస్తున్నాను, నచ్చాడు.

"నౌకరి మానకు. బదిలీకి నేనే పెట్టుకుంట," అన్నాడు. ఆ మాట ఇంకోసారి చెప్పమని అడగాలనిపించింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. "పొద్దుగాల డ్యూటీ అన్నరు. మరి ఏం తింటవు?"

"ఇంట్లనే చేసుకుంట."

"అవునా? నాకైతే చాతగాదు. నేను మహదేవపూర్ల రోజు హోటల్లనే తింట. ఒక్కన్ని కూసోని తినబుద్ధి గాదు." అని నవ్వాడు.

అప్పుడైనా చెప్పవచ్చు కదా! నాకూ ఒక్కదాన్నే కూర్చుని తినబుద్ధి కాదని, పరదా వెనక గోడను చూస్తూ తింటానని చెప్పవచ్చు కదా. పెద్దమనిషికి పరదా వెనక నుంచి చెప్పాను, అది వేరు. ఈయనకు మొహం ఎదురుగా నిలబడి చెప్పాను అబద్ధం. ఈయన అడిగింది అర్సుకోవడానికి కాదు, నేను ఏం తింటానో తెలుసుకుందామని.

ఆగస్టు 11. మానుకోట

పని మీద మనసు లేదు. కోపం వస్తోంది. ఎవరి మీద? సత్తెన్న మీద, అవ్వ మీద, ఆ పొట్టి పరదా మీద. ఇడ్లీ తినడం కూడా ఒక తప్పేనా? మా అన్న హనుమకొండ పోతే మూడు పూటలూ హోటల్లోనే తింటాడు. వాడి గుణం ఎవడైనా అడిగాడా?

అబద్ధం చెప్పింది మాత్రం నేను. అది వాళ్ల మీద తోసెయ్యలేను.

ఆగస్టు 13, గురువారం

రేపు వరలక్ష్మీవ్రతం. అవ్వ పూలు తెమ్మంటే బజారుకు వెళ్లాను. పూల గంప దగ్గర రాజక్క.

"ఏమే టెలిఫోనమ్మా, నా పేరు మీద ముచ్చట చెప్పినవట?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా ఆయన నవ్వుకుంట చెప్పిండు. నా పేరు వాడుకున్నవా, వాడుకో. గని ఆ మాటేందే? మంచోళ్ల పిల్ల హోటల్ మొఖం సూడదా? మరి నేను పొద్దంత యాడుంటున్న? నా బిడ్డ యాడ పుట్టి పెరిగింది? రేపు దాన్ని అడగొచ్చినోళ్లు ఏమంటరు? హోటలామె నోటెంటనే వచ్చిన మాట అనరా?"

"అక్కా, నేను..."

"నా చేతి ఇడ్లీ తినుకుంట అన్నవు. తినుకుంట!"

పూలు కొనకుండానే వెళ్లిపోయింది. పూలామె నన్ను పైకీ కిందికీ చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. నేను నా ఒక్కదాని గురించి చెప్పాననుకున్నాను ఇన్ని రోజులూ. మాట ఆమె నోట్లో పెట్టి, ఆమెనే తిట్టించానని ఒక్కసారి కూడా తోచలేదు.

ఆగస్టు 14

అవ్వ ప్రసాదం పెట్టింది. బూరె. తినకుండా పొట్లం కట్టి ఉంచాను.

ఆగస్టు 17, సోమవారం

ఇవ్వాళ వెళ్దామని బయల్దేరాను. రాజక్కతో ఒక మాట చెప్పి వద్దామని. సందు చివరిదాకా వెళ్లాను. హోటల్ ముందు ఒక గొడుగు కనిపించింది. ఎవరిదో. వెనక్కి తిరిగి వచ్చేశాను. ఊళ్లో ఎన్ని గొడుగులుంటాయి ఈ కాలంలో! వానాకాలం కదా, పిచ్చిదానా!

ఆగస్టు 19

అన్న కబురు. ఎల్లుండి పెద్దమనిషి బిడ్డ ఇంటి నుంచి తిరిగి వెళ్తూ మానుకోటలో ఆగుతాడట. అక్కడి నుంచి ఘనపురం వెళ్లి బాపుతో తాంబూలాల ముచ్చట. "నిన్ను కలువడు, పరేషాన్ గాకు" అని అన్న చెప్పి పంపాడు. నన్ను కలవడు. హోటల్‌కు వెళ్తాడు.

తాంబూలాలయ్యాక చెబితే? పెళ్లయ్యాక చెబితే? అప్పుడు చెబితే మోసమే అవుతుంది. ఇప్పుడు చెబితే సంబంధం పోతుంది. ఉద్యోగం చెయ్యనిచ్చే మనిషి, ఏం తింటావు అని అడిగిన మనిషి... మళ్లీ బాపు అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోతాడు.

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. రాజక్క మొగుళ్లపల్లికి పోయి చాటింపు వెయ్యదు. సత్తెన్న నోరు విప్పడు. జీవితమంతా హోటల్ చూడని దానిలాగా ఉండాలి, అంతే. మహదేవపూర్‌లో ఆయన హోటల్‌కు తీసుకెళ్తే మొదటిసారి చూస్తున్నట్టు మొహం పెట్టాలి.

ఆగస్టు 20

పెట్టలేను.

కాని భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

ఆగస్టు 21, శుక్రవారం

సందులోంచి వెళ్లలేదు. బజారు మీదుగా వెళ్లాను, కొంగు భుజం మీదే ఉంచుకుని. పరదా దాకా పోలేదు. వాకిలి పక్క మొదటి బెంచి మీద కూర్చున్నాను.

సత్తెన్న పరుగున వచ్చాడు. "గిదేంది తల్లీ? లోపటికి పో! ఆయన ఇయ్యాల..."

"ఎరుకనే అన్నా. ఇడ్లీ పెట్టు."

"నీకేమన్న పిచ్చి లేసిందా?"

"పెట్టన్నా, ఆకలైతున్నది."

వాదన వినపడి రాజక్క వంటింటి గడప దగ్గరికి వచ్చింది. నన్ను చూసింది. తనే ప్లేటు తెచ్చి నా ముందు పెట్టి వెళ్లింది. క్షమించిందో లేదో నాకు తెలియదు.

అందరూ చూస్తున్నారు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. రుచి తెలియలేదు. పల్లె బస్సు వచ్చింది. లేచి పారిపోవాలనిపించింది. లేవలేదు. ధైర్యం అనుకోవడానికి లేదు, కాళ్లు లేవనివ్వలేదు.

ఆయన నన్ను గమనించకుండానే ఎదురు బల్ల దగ్గర కూర్చున్నాడు. వర్షానికి కళ్లద్దాలు మసకబారాయి, పంచె కొసతో తుడుచుకుంటున్నాడు. "సత్తెన్నా, మీ ఇంటామెను పిలువు జర. ఆ దినం మాట మంచిగ జెప్పింది. తాంబూలాలకు పోతున్న, ఇంకొక్క మాట అడిగి పోత."

సత్తెన్న నిలువునా కొయ్యబారిపోయాడు. వంటింటి గడప దగ్గర రాజక్క.

"ఆ దినం చెప్పింది నేనే మామా," అన్నాను. గొంతు బొంగురు చెయ్యలేదు. మామా అని పిలవడానికి నాకు ఇంకా హక్కు లేదు, నోటికి వచ్చేసింది. "రాజక్క గాదు. పరదెనుక నేనే ఉన్న. రోజు ఈడనే తింట. అడుగుండ్రి, ఏమడుగుతరో."

ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. ముందు నా ప్లేటు చూశాడు, తరవాత నన్ను చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

"కోపమెక్కువని చెప్పినవు. అబద్ధమాడుతదని చెప్పకపోతివి?"

"ఇప్పుడు చెప్తున్న గదా మామా. తిన్నది తప్పు గాదు. ఆ మాట అన్నది తప్పు. ఈ అక్క ఎదురుంగ చెప్తున్న."

ఆయన రాజక్క వైపు తిరిగాడు. రాజక్క ఆయన కళ్లలోకి సూటిగా చూసింది, కొంగు సర్దుకోలేదు. నాకు డ్యూటీ టైమైంది. చెయ్యి కడుక్కుని వచ్చేశాను. వస్తుంటే వెనక సత్తెన్న చాయ్ పోస్తున్న చప్పుడు వినపడింది.

బోర్డు ముందు కూర్చుని ఎంతసేపయిందో. హోటల్ పక్కనున్న బట్టల షాపు నంబరు దగ్గర దీపం వెలిగింది.

"నంబర్ ప్లీజ్."

అవతల ఊపిరి చప్పుడు. "నువ్వేనా?"

"నేనే."

"మహదేవపూర్ కావాలె. వ్యవసాయం ఆఫీసు. మా రవీందర్‌ను పిలువాలె."

వరంగల్ ఎక్స్చేంజిని అడిగాను. లైను లేదన్నారు. మళ్లీ అడిగాను. సరోజ డ్యూటీకి ఇంకా రాలేదు, వచ్చి ఉంటే ఈ ఫోను తనకు అప్పగించి బయటికి పోయేదాన్ని. అప్పగించేదాన్నా? ఏమో. చివరికి లైను దొరికింది. అవతల ఎవరో అటెండరు, తరవాత అడుగుల చప్పుడు, తరవాత ఆయన. "హలో."

"మాట్లాడండి," అన్నాను. కీ మూసి లైన్లోంచి తప్పుకున్నాను.

వినకూడదు. ఈ ఉద్యోగంలో చేరిన రోజు మొదట నేర్పింది అదే. కీ ఒక్కటి పైకి నెడితే చాలు, నా బతుకు గురించి వాళ్లేం మాట్లాడుకుంటున్నారో అంతా నా చెవిలో ఉంటుంది. వేలు కీ మీదే ఉంది. నెట్టలేదు. పరదా వెనక విన్నది చాలు. కాని ఎంత నెట్టాలనిపించిందో నాకు తెలుసు.

మూడు నిమిషాలు ఐపోయాయి. లైన్లోకి వెళ్లి చెప్పక తప్పదు.

"టైమైంది. పొడిగించాలా?"

పెద్దమనిషి కన్నా ముందే అవతలి నుంచి రవీందర్, నేనని తెలిసో తెలియకో, "ఇంకో మూడు నిమిషాలు ఇయ్యుండ్రి మేడం, ఇది జరూరు" అన్నాడు.

ఇచ్చాను.